మట్టెవాడ ముచ్చట్లు – 14: గడియారం పట్టుకున్న మనువు



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు హాస్టళ్ల గురించి ఇంకా రాయమన్నారు. రాస్తాను. ఈ వారం మాత్రం ఆ ముచ్చట పక్కకు పెడుతున్నాను.

పోయిన సోమవారం పొద్దున ఒక చెల్లె నాకు మెసేజ్ పెట్టింది. మట్టెవాడలో ఒక మేడ మీద రేకుల గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం మేం పది పన్నెండు మందిమి కూర్చుని చదువుకుంటాం. ఆ సర్కిల్‌కు ఆమె ఆరు వారాలుగా వస్తోంది. ఎం.ఏ. చదువుతోంది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. మెసేజ్‌లో ఉన్నది ఇంతే: "అన్నా, నేను ఇగ రాను. నాకు చదవడం రాదు. మీ అందరి టైం ఖరాబు చేస్తున్న."

ఎం.ఏ. చదివే పిల్ల తనకు చదవడం రాదంటోంది. ఎందుకంటోందో నాకు తెలుసు. ముందురోజు మేం తీసుకున్నది బాబాసాహెబ్ 'భారతదేశంలో కులాలు' వ్యాసం. 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రం. పెద్దదేం కాదు. వారం రోజుల గడువు. అందరూ పూర్తి చేసి వచ్చారు. ఆమె అయిదో పేజీలో ఉంది. "ఇంకా అయిదో పేజీనేనా అక్కా?" అని ఒక తమ్ముడు నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ సంగతి దాచిపెట్టి మిగతాదంతా రాస్తే మీకు మోసం చేసినట్టే.

అదే వారం ఇంకో రెండు కళ్లబడ్డాయి. ఒకటి పోచమ్మ మైదాన్ దారిలో కట్టిన ఫ్లెక్సీ: నిమిషానికి 1000 పదాలు చదవడం నేర్పుతారట, ఇరవై ఒక్క రోజుల్లో. రెండోది ఒక అధ్యాపకుడి పోస్టు. రిజర్వేషన్ పిల్లలకు ప్రశ్నపత్రం చదవడానికే టైం చాలదు, ఇగ జవాబు రాసేదెప్పుడు అని ఆయన బాధ. కింద రెండు వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ ఫ్లెక్సీ, ఆ పోస్టు, మా గదిలో ఆ నవ్వు – మూడూ ఒకటే మాట చెబుతున్నాయి: త్వరగా చదివినవాడు తెలివైనవాడు, నిదానంగా చదివినవాడు మొద్దు. ఈ మాట అబద్ధం. ఈ అబద్ధంతో బతుకుతున్నవాళ్లు ఎవరో, దానికి బలవుతున్నవాళ్లు ఎవరో చెప్పడానికే ఈ భాగం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. మనుషుల మధ్య చదివే వేగంలో తేడాలున్నాయి. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో కూడా ఉంటాయి. త్వరగా చదివి లోతుగా అర్థం చేసుకునేవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లలో లేను. నలభై దాటినా ఇప్పటికీ కష్టమైన పుస్తకం ముందుంటే వేలు గీత కింద పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాను. నాకు దాని గురించి సిగ్గు లేదు. నా తగువు తేడాతో కాదు. ఆ తేడాకు మార్కులు, ఉద్యోగాలు, ఇజ్జత్ కట్టే గడియారంతో.

చదవడం, చదువు

మన భాషలో ఒక చిక్కుంది. బళ్లో నేర్చుకునేదాన్నీ చదువు అంటాం, కాగితం మీది అక్షరాన్ని చూసి పలకడాన్నీ చదవడం అంటాం. ఒకటే మాట. అందుకని అక్షరం దగ్గర తడబడ్డ పిల్లను "దీనికి చదువు రాదు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట ఇంటికి చేరుతుంది. ఇంట్లోవాళ్లు నమ్ముతారు. తెల్లారి కూలికి తోలుకపోతారు.

బళ్లో బాగా చదివేవాడంటే మనకు గుర్తొచ్చేది ఎవరు? గడగడా చదివేవాడు. గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు నా పక్క బెంచీ పిల్లవాడు పాఠమంతా గడగడా చదివేవాడు. సారు శభాష్ అనేవాడు. ఒకరోజు ఇన్స్‌పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి "ఇప్పుడు చదివిన దాంట్లో ఏముంది బాబూ?" అనడిగితే వాడు మళ్లీ మొదటి నుంచి గడగడా చదవడం మొదలుపెట్టాడు. వాడి తప్పు లేదు. వాడికి ఎవరూ రెండో పని చెప్పలేదు.

ఇదే సంగతిని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న లెక్కలాగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే రెండు శక్తుల గుణకారం. ఒకటి అక్షరాన్ని మాటగా మార్చే శక్తి. రెండోది ఆ మాట వింటే అర్థం చేసుకునే శక్తి. గుణకారం కాబట్టి రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నా. గడగడా చదివి ఏమీ చెప్పలేని పిల్లవాడిది రెండోది సున్నా.

మా నాయినది మొదటిది దాదాపు సున్నా. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేశాడు. 1961 జనగణన లెక్క ప్రకారం దేశంలో అక్షరం వచ్చినవాళ్లు మొత్తం మీద నూటికి 24 మందైతే, ఎస్సీల్లో పది మందే. ఆ మిగతా తొంభై మందిలో ఒకడు మా నాయిన. కథల పుస్తకం ముందు పెడితే ఒక్క గీత చదవలేడు. కానీ అంకెలు గుర్తుపట్టేవాడు, తక్‌పట్టి చూసి చెప్పేవాడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, తరుగు ఎంత తీశారు, అడ్తి కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి రైతు చేతికి రావాల్సింది ఎంత. ఒకసారి ఒక ముసలి రైతు తక్‌పట్టిలో ఒక బస్తా లెక్క తప్పిపోతే, డిగ్రీ చదివిన గుమాస్తా కంటే ముందు మా నాయిన పట్టుకున్నాడు. గుమాస్తా మళ్లీ కూడి, తప్పు దిద్ది ఇచ్చాడు. ఆ కాగితం మీద ఆ గుమాస్తా చదివే వేగం మా నాయిన కంటే యాభై రెట్లు. అర్థం ఎవరికి ముందు దొరికింది?

వెయ్యి పదాల వ్యాపారం

ఇప్పుడు ఫ్లెక్సీ దగ్గరికి వద్దాం. తమ్ముళ్లు అప్పులు చేసి ఇలాంటి కోర్సుల్లో చేరుతున్నారు కాబట్టి దీని గుట్టు తెలియాలి.

చదివేటప్పుడు మన కన్ను గీత మీద నీళ్లలాగా జారదు. ఒకచోట ఆగుతుంది, ఎగురుతుంది, ఇంకోచోట వాలుతుంది. ఆగిన ప్రతిసారీ సుమారు పావు సెకను. ఆగినప్పుడే చూస్తుంది, ఎగిరేటప్పుడు ఏమీ పట్టదు. మధ్యమధ్యలో వెనక్కి కూడా వెళుతుంది. బాగా చదవగలిగినవాళ్ల కళ్లు కూడా పదిసార్లలో ఒకసారి అయినా వెనక్కి వెళతాయి. వెనక్కి వెళ్లడం రోగం కాదు, అర్థం సరిచూసుకోవడం.

మార్క్ బ్రిస్‌బార్ట్ అనే బెల్జియం పరిశోధకుడు 2019లో 190 అధ్యయనాలను కలిపి చూశాడు. ఇంగ్లీషు వచ్చిన పెద్దవాళ్లు మౌనంగా చదివితే నిమిషానికి సగటున 238 పదాలు అని తేలింది. ఎక్కువమంది 175కూ 300కూ మధ్య ఉంటారు. అంటే చదువుకున్న పెద్దమనుషుల్లోనే ఒకరికీ ఒకరికీ దాదాపు రెట్టింపు దాకా తేడా. అది మామూలు. వెయ్యి అనే అంకె ఆ దరిదాపుల్లో ఎక్కడా లేదు. అమెరికాలో ఎవలిన్ వుడ్ 1959లో ఈ వేగపఠనం కోర్సుల వ్యాపారం మొదలుపెట్టింది. కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ఈ వాదనలన్నీ వరుసగా పరీక్షించి చెప్పింది ఒక్కటే: వేగం బాగా పెంచితే అర్థం తగ్గుతుంది. పైపైన తిరగేయడం ఒక్కోసారి పనికొస్తుంది, కానీ దాని పేరు చదవడం కాదు. వేగం నిజంగా పెరగాలంటే దారి ఒక్కటే – భాష మీద పట్టు పెరగాలి, ఎక్కువ చదవాలి. ఇరవై ఒక్క రోజుల్లో కాదు, ఏళ్ల మీద.

ఇంకో మాట. ఆ 238 ఇంగ్లీషు లెక్క. దాన్ని తెచ్చి తెలుగు పిల్ల నెత్తిన పెట్టడానికి వీల్లేదు. "చదువుకోలేకపోయినవాళ్లకు" – తెలుగులో ఇది ఒక్క పదం. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే ఏడెనిమిది పదాలు కావాలి. మన లిపి వేరు, మన మాటల పొడవు వేరు. ఇంగ్లీషు పిల్ల 26 అక్షరాలు నేర్చుకుంటే గుర్తులు అయిపోతాయి. మనకు అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, ఆ ఒత్తుల మీద గుణింతాలు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన చెప్పింది కూడా అదే: అక్షరాలన్నీ పిల్లలకు పట్టుబడడానికి ఒకటి రెండేళ్లు చాలవు, నాలుగో తరగతి దాకా ఆ పని నడుస్తూనే ఉంటుంది. ఆ పని నడిచే కాలంలో ఇంట్లో చెప్పేవాళ్లుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క.

మిర్చి మీద ప్రశ్న ఎందుకు రాదు?

1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ ఒక ప్రయోగం చేశారు. బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక పాఠం ఇచ్చారు. వాళ్లలో బాగా చదవగలిగినవాళ్లున్నారు, చదవడంలో వెనకబడ్డవాళ్లున్నారు. ఆట తెలిసినవాళ్లున్నారు, తెలియనివాళ్లున్నారు. చివరికి ఏం తేలింది? చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. అంటే మనం "అర్థం చేసుకునే శక్తి" అని మార్కులు వేస్తున్నది చాలా భాగం ముందే తెలిసిన లోకానికి వేస్తున్న మార్కు.

ఇది మన దగ్గరికి తెద్దాం. జెండా పాట ఎట్లా పెడతారు, తేమ ఎక్కువుంటే ధర ఎందుకు పడిపోతుంది, తాలు కాయ ఎట్లా ఏరతారు, చపాటా మిర్చికీ తేజ మిర్చికీ తేడా ఏంది – ఈ సంగతుల మీద నాలుగు వందల పదాల పేరా ఇచ్చి ప్రశ్నలు అడగండి. దేశాయిపేట, కాశిబుగ్గ పిల్లలు పది నిమిషాల్లో లేచి వస్తారు. ఢిల్లీలో పెద్ద బళ్లల్లో చదివిన పిల్లలు తల గోక్కుంటారు. అప్పుడు వాళ్లకు తెలివి లేదంటామా? అనం. వాళ్లకు మిర్చి తెలియదంటాం. మరి మన పిల్లకు షేర్ మార్కెట్ పేరా ముందు పెట్టి, ఆగి ఆగి చదివితే తెలివి లేదని ఎట్లా అంటారు?

యూపీఎస్సీ 2011లో సీశాట్ పెట్టింది. 80 ప్రశ్నలు, రెండు గంటలు, అందులో పేరాలు చదివి జవాబు చెప్పేవి బోలెడు. ఆ కాగితం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. గడప దాటే ముందు మాత్రం పరాయి భాషలో గడియారంతో పరుగెత్తాలి. 2014లో ఢిల్లీలో హిందీ పిల్లలు రోడ్డెక్కారు. 2015 నుంచి దాన్ని 33 శాతం వస్తే చాలు అనే అర్హత పేపర్‌గా మార్చారు. హిందీ పిల్లలకు హిందీ అనువాదం బాగోలేదన్నది బాధ. మనకు అనువాదమే లేదు. లా కాలేజీల ప్రవేశానికి పెట్టే క్లాట్ చూడండి. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు, ఒక్కో పేరా సుమారు 450 పదాలు, అన్నీ ఇంగ్లీషులో. అక్కడ పరీక్ష పెడుతున్నది న్యాయానికా, ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషుకా?

ఒక్క గంట లెక్క

ఒక లెక్క వేద్దాం. ఇది నా సొంత లెక్క, మీరూ కాగితం మీద వేసి చూడండి.

మన గ్రూప్–1 ప్రిలిమ్స్ 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు ఒక్క నిమిషం. ఇప్పుడొచ్చే ప్రశ్నలు ఒక్క గీతవి కావు: ఎ, బి, సి, డి వాక్యాలు, జతపరచడాలు, కారణం–వివరణలు. ఒక్కో ప్రశ్న ఎంపికలతో కలిపి 80 పదాలు అనుకుందాం. నిమిషానికి 200 పదాలు చదివేవాడికి ఒక ప్రశ్న చదవడానికి 24 సెకన్లు. 100 పదాలు చదివే పిల్లకు 48 సెకన్లు. 150 ప్రశ్నలకు వాడికి గంట, ఈమెకు రెండు గంటలు. ఆలోచించడానికి వాడి చేతిలో 90 నిమిషాలు మిగిలాయి. ఈమె చేతిలో 30.

ఇద్దరికీ ఒకటే రాజ్యాంగం తెలుసు, ఒకటే తెలంగాణ చరిత్ర తెలుసు అనుకోండి. వాడికి ఆలోచన కోసం మూడు రెట్ల సమయం ఇచ్చి, ఫలితం వచ్చాక మెరిట్ అని పేరు పెట్టారు. ఆ అధ్యాపకుడు పోస్టు రాసింది దీని మీదే. పిల్లలకు టైం చాలడం లేదన్న సంగతి ఆయనకు కనిపించింది. టైం ఎవరు కట్టారన్నది కనిపించలేదు.

తెలుగులో ప్రశ్న ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు. ఆ తెలుగు అర్థం కావాలంటే పక్కనున్న ఇంగ్లీషు చూడాలి. అంటే తెలుగు మీడియం పిల్ల ఒక ప్రశ్నను రెండుసార్లు చదువుతుంది. ఆ రెండో చదువుకు గడియారం ఆగదు.

ఉద్యోగంలో వేగం వద్దా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వేగం కావాల్సిన ఉద్యోగాలున్నాయి, అక్కడ పరీక్షించండి. కానీ తహశీల్దారు భూమి ఫైలు నిమిషానికో పేజీ తిప్పాలని ఏ రూలూ లేదు. చదవకుండా సంతకం పెట్టిన ఫైళ్ల వల్ల మన వాడల్లో ఎంతమంది భూములు పోయాయో మీ ఊళ్లో ముసలివాళ్లను అడగండి. రెండుసార్లు చదివే అధికారి కావాలని అడిగే హక్కు మనకుంది. లారీల వెనకాల, బడి గోడల మీద "నిదానమే ప్రధానం" అని రాసుకున్న దేశం ఇది. ఆ నీతి పరీక్ష గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుందో!

ఒకే తడబాటు, రెండు పేర్లు

2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చింది. అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లవాడి కథ. దేశమంతా ఏడ్చింది. మంచిదే. డిస్‌లెక్సియా అన్న మాట ఇంటింటికీ తెలిసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని లెక్కలోకి తీసుకుంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. రాయడంలో ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థినికి నీట్‌లో దక్కాల్సిన అదనపు గంట ఇవ్వకపోతే, అది తప్పని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి పోరాడి తెచ్చుకున్న హక్కులు. వీటిని ఎవరూ చులకన చేయొద్దు.

నా ప్రశ్న వేరు. బంగళా పిల్లవాడు తడబడితే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతారు, డిస్‌లెక్సియా అని పేరొస్తుంది, అదనపు సమయం వస్తుంది, జాలి వస్తుంది. వాడలో పిల్లవాడు అంతే తడబడితే వాడికొచ్చే పేరు మొద్దు. ఇంకా కోపమొస్తే ఆ పేరుకు ముందు కులం పేరు కూడా తగిలిస్తారు. పరీక్ష చేయించాలన్న ఆలోచన వాడి విషయంలో ఎవరికీ రాదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో వాడి తడబాటుకు కారణం ముందే తెలిసిపోయింది – పుట్టుక.

అట్లాగని నిదానంగా చదివే ప్రతి పిల్లకూ వైకల్యం అంటగట్టొద్దు. చాలాచోట్ల కారణాలు మామూలువి. మా వాడలో ఒక పిల్లవాడు ఏడో తరగతిదాకా మొద్దు అనిపించుకున్నాడు. తీరా చూస్తే కళ్లజోడు కావాలి, అంతే. ఇంకొకామెకు ఆరో తరగతిలో ఒక్కసారిగా మీడియం మారింది. ఇంకొకడు పత్తి ఏరడానికి పోయి ఏటా రెండు నెలలు బడికి పోలేదు. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022 అసర్ సర్వేలో 20.5 శాతం. 2024లో 27.1 శాతం. ఈ రెండేళ్లలో పిల్లల మెదళ్లు మారాయా? మారలేదు. కరోనా మూసిన బడులు తెరుచుకుని పిల్లలు మళ్లీ పలక పట్టారు. చదివే శక్తి బడి మీద, ఇంటి మీద, కడుపు మీద ఎంత ఆధారపడి ఉందో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

నిన్న వినొద్దన్నారు, ఇయ్యాల నిదానమన్నారు

వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహం పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసుకుంది. శూద్రుడి గతే అదైతే ఆ గీతకు అవతల ఉన్న మన గతి వేరే చెప్పాలా? వందల ఏళ్ల తర్వాత కూడా సతారాలో చిన్నారి భీమ్‌రావు గోనె సంచి మీద వేరుగా కూర్చుని చదువుకున్నాడు. ఆ సంచి కూడా రోజూ ఇంటి నుంచి మోసుకొచ్చి, మళ్లీ మోసుకుపోవాలి. సంస్కృతం నేర్చుకుంటానంటే కుదరదన్నారు, పర్షియన్ తీసుకున్నాడు. అదంతా దాటి మన ఇళ్లల్లో రెండో తరమో మూడో తరమో ఇప్పుడు పుస్తకం పట్టింది. పట్టీ పట్టకముందే గడియారం తెచ్చి ముందు పెట్టారు. కాళ్లకు సంకెళ్లు నిన్ననే తీశాం కదా, ఇయ్యాల పరుగు పందెంలో ఎందుకు ఓడిపోయావని అడుగుతున్నారు. మనువు పోలేదు మిత్రులారా, చేతిలో సీసం పడేసి గడియారం పట్టుకున్నాడు.

బాబాసాహెబ్ ఎంత చదివారో చూడండి అని మనవాళ్లే మన పిల్లలను దెప్పిపొడుస్తారు. బాబాసాహెబ్ గొప్పతనాన్ని నిమిషానికి ఎన్ని పదాలని కొలుస్తామా? ఆయన పెట్టింది గంటలు. న్యూయార్క్‌లో, లండన్‌లో లైబ్రరీల్లో కూర్చున్న గంటలు. దాదర్‌లో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాలకు ఇచ్చిన చోటు. ఆ కూర్చునే సమయం, ఆ చోటు మన పిల్లలకు ఎవరిస్తున్నారు? ఒక గదిలో అయిదుగురు, రాత్రి పదయ్యేదాకా టీవీ, పక్కన పొయ్యి.

మన మట్టెవాడకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. తెలంగాణలో తొలినాటి గ్రంథాలయాల గురించి చెప్పేవాళ్లు 1904 నాటి హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంతో పాటు మట్టెవాడ శబ్దానుశాసన ఆంధ్ర భాషా నిలయం పేరూ చెబుతారు. గర్వపడదాం. కానీ గ్రంథాలయం తలుపు తెరిస్తే లోపలికి వచ్చేది ముందే చదవగలిగినవాళ్లు. చదవలేనివాళ్ల దగ్గరికి ఎవరు పోయారు? ఆ కాలంలోనే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ పోయాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించాడు. 1910లో ఇసామియా బజార్‌లో మన పిల్లల కోసం బడి తెరిచాడు. ముందు చెవికి అందించాడు, తర్వాత కంటికి. వింటే అర్థం చేసుకునే శక్తి మన జనానికి నిండుగా ఉందని, అక్షరం ఒక్కటే అందలేదని ఆయనకు తెలుసు. గఫ్, టన్మర్ల లెక్క పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందు సంగతి అది.

మన గదిలో గడియారం

ఇగ మన దగ్గరికి వద్దాం. బయటివాళ్లను తిట్టడం సులువు.

మన సర్కిళ్లలో ఏం చేస్తున్నాం? వారానికి ఇన్ని పేజీలని కోటా పెడుతున్నాం. ముందు పూర్తి చేసినవాడు ముందు మాట్లాడతాడు. ఎక్కువ పుస్తకాల పేర్లు చెప్పినవాడు నాయకుడవుతాడు. "అన్నా, అది ఇంకా చదవలేదా?" అనే ఒక్క మాటతో మనిషిని మూలకు కూర్చోబెడుతున్నాం. మూలకు కూర్చునేది ఎక్కువగా ఎవరు? పని చేసుకుంటూ చదువుకునేవాళ్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆడపిల్లలు. బ్రాహ్మణ్యాన్ని తిట్టే గదిలో బ్రాహ్మణ్యం నేర్పిన గడగడనే కొలబద్ద చేసుకున్నాం. ఆ కోటా పెట్టింది నేనే.

బుధవారం నేను ఆ చెల్లె ఇంటికి పోయాను. తప్పయిందని చెప్పాను. అయిదో పేజీలో ఎందుకు ఆగావమ్మా అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది.

ఆ వ్యాసంలో బాబాసాహెబ్ ఏమంటారో మీకు తెలుసు. కులం నిలబడాలంటే కులంలోనే పెళ్లిళ్లు జరగాలి. అట్లా జరగాలంటే ఆడ, మగ లెక్క సరిపోవాలి. మొగుడు చనిపోయిన ఆడమనిషి ఆ లెక్కలో మిగిలిపోతుంది. ఆమె బయటి మనిషిని పెళ్లాడితే కులం కట్టు తెగుతుంది. కులంలోనే ఇంకొకణ్ని చేసుకుంటే పెళ్లి కావాల్సిన వేరే పిల్లకు మొగుడు లేకుండా పోతాడు. అందుకే ఆమెను చితి మీద కాల్చడం, లేదా జీవితాంతం విధవగా ఉంచడం. మా సర్కిల్‌లో ముందు పూర్తి చేసిన తమ్ముడు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పేశాడు: కులమంటే స్వకుల వివాహం. కరెక్టే. అందరం తలూపాం.

ఆ చెల్లె అక్కడే ఆగిపోయింది. "అన్నా, మా అమ్మమ్మ మారుమనువు పోయింది. మా వాడలో శానమంది పోయిన్రు. మనోళ్లు ఎవల్నీ కాల్చలే, గుండు కొట్టియ్యలే. మరి మన కులం ఎట్ల నిలబడ్డది? మన దగ్గర కూడా కులంలనే చేసుకోవాలంటరు గదా. ఇది అర్థం కాలే. అందుకే మళ్ల మళ్ల చదివిన. ముందుకు పోబుద్ధి కాలే."

నేను ఆ వ్యాసం నాలుగుసార్లు చదివాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. మేమంతా ఇరవై పేజీలు దాటేశాం. ఆమె ఒక్క పేజీలో తన అమ్మమ్మను వెంటబెట్టుకుని నడిచింది. ఇద్దరు మనుషులు నడిచినప్పుడు నిదానమే అవుతుంది.

మొన్న ఆదివారం కోటా తీసేశాం. ఆ పేజీని ఒకరి తర్వాత ఒకరం పైకి చదివాం. ఆమె ప్రశ్న ఆమె నోటనే పెట్టించాను. బాబాసాహెబ్ తర్వాతి పేజీల్లో పై కులాలను చూసి కింది కులాలు అనుకరించడం గురించి చెబుతారు. అనుకరణ కిందికి వచ్చేకొద్దీ పలుచబడుతుందంటారు. మరి విధవల మీద కట్టుబాట్లు పలుచబడినా పెళ్లి కట్టుబాటు ఎందుకు పలుచబడలేదు అని రెండు గంటలు కొట్లాడుకున్నాం. తేలలేదు. నవ్విన తమ్ముడు చివరికి "అక్కా, నేను ఆ భాగం మళ్ల చదువుత" అన్నాడు.

మిత్రులారా, మీ సర్కిళ్లలో మూడు పనులు చేయండి. పేజీల కోటా ఎత్తేయండి, పైకి చదవండి. పుస్తకం మొదలుపెట్టే ముందు దాని లోకం గురించి అరగంట ముచ్చట పెట్టండి, అప్పుడు అక్షరం తేలికవుతుంది. చదవలేకపోతున్నాననే పిల్లను ముందు కంటి డాక్టర్ దగ్గరికి, అవసరమైతే వైకల్య పరీక్షకు తీసుకుపోండి.

పోటీ పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: గడియారం ఉన్నన్నాళ్లు దాంతో తలపడక తప్పదు. పాత ప్రశ్నపత్రాలు టైం పెట్టుకుని చేయండి, రోజూ చదవండి, తెలియని మాటలు రాసుకోండి. ఫ్లెక్సీకి డబ్బులు కట్టకండి. పెదవులు కదిలినా, వేలు పెట్టినా సిగ్గుపడకండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా మరువొద్దు. సీశాట్, క్లాట్ కాగితాలు ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో ఇవ్వాలి. మన రాష్ట్ర పరీక్షల్లో ప్రశ్నలు తెలుగులోనే పుట్టాలి, అనువాదమై రాకూడదు. ప్రశ్న పొడవు పెంచితే సమయం పెంచాలి. జ్ఞానాన్ని కొలిచే పరీక్షలో వేగానికి మార్కులు వేయడం ఆపాలి.

ఆ అధ్యాపకుడికి ఒక్క మాట. సార్, మీరన్నట్టు మా పిల్లలకు ప్రశ్నపత్రం చదవడానికి టైం చాలడం లేదు. మీరు మా మట్టెవాడకు ఒక ఆదివారం రండి. మా చెల్లె అయిదో పేజీ ప్రశ్న మీ ముందు పెడతాం. గడియారం పెట్టం. ఎంత సేపు కావాలంటే అంత సేపు తీసుకోండి.

వచ్చే భాగంలో హాస్టళ్ల ముచ్చట.

జై భీమ్.